ఒకే కారు, వేరే జేబు: 2020 డబ్ల్యూఆర్‌సీ-3 సీజన్

వ్యాఖ్యాత: నమస్కారం. చెన్నై నుంచి ప్రసారమవుతున్న మన మోటారు క్రీడల పాడ్‌కాస్ట్‌కు స్వాగతం. చాలా ఏళ్లు దక్షిణాది ర్యాలీలలో డ్రైవర్ పక్కన దారి చదివి చెప్పే నావిగేటర్‌గా కూర్చుని, ఇప్పుడు శ్రీపెరంబుదూరు దగ్గర కార్ల వర్క్‌షాప్ నడుపుతున్న పెద్దాయన ఈ రోజు మనతో ఉన్నారు. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ప్రైవేటు పోటీదారుల కోసం నడిచిన డబ్ల్యూఆర్‌సీ-3 గురించి, అందులోనూ 2020 సీజన్ గురించి మాట్లాడుకుందాం. అన్ని సీజన్లు ఉండగా మీరు దీన్నే ఎందుకు ఎంచుకున్నారండీ?

అతిథి: నమస్కారమమ్మా. ఆ ఏడాది ఏడు ర్యాలీలు జరిగితే ఆరుగురు వేర్వేరు డ్రైవర్లు గెలిచారు. రెండుసార్లు గెలిచినవాడు ఒక్కడే, ఛాంపియన్ కూడా అతడే. వేగం గలవాళ్లకు ఆ జాబితాలో కొదవ లేదు. కానీ ఏ ర్యాలీకి వెళ్లాలి, ఎక్కడ డబ్బు ఖర్చు పెట్టాలి, ఎక్కడ కారును కాపాడుకోవాలి అన్న లెక్క సరిగ్గా వేసుకున్నవాడికే టైటిల్ దక్కుతుందని ఆ సీజన్ చూస్తే తెలుస్తుంది. ఫ్యాక్టరీ జట్లలో ఆ లెక్క వేయడానికి వేరే మనుషులుంటారు. ఇక్కడ అది డ్రైవర్ మెడకే చుట్టుకుంటుంది.

వ్యాఖ్యాత: డబ్ల్యూఆర్‌సీ-2, డబ్ల్యూఆర్‌సీ-3 కార్లు ఒకటే కదా? శ్రోతలకు ఈ తేడా కొంచెం వివరిస్తారా?

అతిథి: 2020లో రెండింటిలోనూ పరుగెత్తినవి ఆర్5 తరగతి కార్లే. 1.6 లీటర్ల టర్బో ఇంజిన్, నాలుగు చక్రాలకూ శక్తి, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కట్టడి చేసే 32 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్, 1,230 కిలోల కనీస బరువు. అందరికంటే పైన పరుగెత్తే వరల్డ్ ర్యాలీ కార్లకు అప్పట్లో 36 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ ఉండేది. ఆ నాలుగు మిల్లీమీటర్లలోనే ఇంజిన్ శక్తిలో చాలా తేడా దాగి ఉంది. తయారీదారుల అండ ఉన్న జట్లు డబ్ల్యూఆర్‌సీ-2లోకి, తమంతట తాము వచ్చేవాళ్లు డబ్ల్యూఆర్‌సీ-3లోకి వెళ్లాలన్నది ఆ ఏటి ఏర్పాటు. అంతకుముందు ఏడాది ఇవే రెండు విభాగాలు డబ్ల్యూఆర్‌సీ-2 ప్రో, డబ్ల్యూఆర్‌సీ-2 అన్న పేర్లతో ఉండేవి.

అయితే ప్రైవేటు అనగానే సొంత గ్యారేజీలో రెంచీ పట్టుకుని కూర్చున్న కుర్రాడిని ఊహించుకోకండి. ఆ సీజన్ చివరి ర్యాలీ మోంజాలో డబ్ల్యూఆర్‌సీ-3 గెలిచిన ఆండ్రియాస్ మికెల్సెన్ అంతకుముందు ఏడాది హ్యుండయ్ ఫ్యాక్టరీ జట్టులో ఉన్నవాడు. ఆ ర్యాలీ మొత్తంలోనే ఆరో స్థానంలో నిలిచాడు. అలాంటివాడిని ప్రైవేటు పోటీదారు అనడం నియమాల ప్రకారం తప్పు కాకపోవచ్చు, కానీ పక్క కారులో ఉన్న కుర్రాడి కడుపు మండదా?

వ్యాఖ్యాత: మండుతుందండీ. మరి సీజన్ మొదలు ఎలా ఉంది?

అతిథి: జనవరిలో మాంటే కార్లోలో ఫ్రెంచి డ్రైవర్ ఎరిక్ కామిల్లి సిట్రోయెన్‌తో గెలిచాడు. ఫిబ్రవరిలో స్వీడన్ ర్యాలీకి మంచే సరిగా పడలేదు. మంచు కోసం చేసిన మేకుల టైర్లు వేసుకుని మట్టి మీద పరుగెత్తాల్సి వస్తుందేమోనని భయపడి నిర్వాహకులు స్టేజీలను, అంటే సమయం లెక్కగట్టే దారి భాగాలను, కుదించారు. అక్కడ ఫిన్లాండ్‌కు చెందిన యారి హుట్టునెన్ హ్యుండయ్ ఐ20తో గెలిచాడు. మార్చిలో మెక్సికో ర్యాలీ కరోనా కారణంగా ఒక రోజు ముందే, శనివారం రాత్రికే ముగిసింది. విమానాలు ఆగిపోకముందే అందరూ ఇళ్లకు చేరాలి కదా. అక్కడ గెలిచిన బొలీవియా కుర్రాడు మార్కో బులాసియాకు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ తరువాత దాదాపు ఆరు నెలలు ఒక్క ర్యాలీ లేదు. ప్రైవేటు జట్టుకు అదెంత గడ్డుకాలమో బయటివాళ్లు ఊహించలేరు. కారు కదలకుండా నిలబడి ఉన్నా కిస్తీ ఆగదు, స్పాన్సరు మాత్రం ఆగిపోతాడు. సెప్టెంబరులో ఎస్తోనియా, టర్కీ, అక్టోబరులో సార్డీనియా ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. అప్పటికి చేతిలో డబ్బు మిగిలి ఉన్నవాడే వాటిని అందుకోగలడు.

వ్యాఖ్యాత: టర్కీ గురించి మీరు ప్రత్యేకంగా చెప్పాలన్నారు.

అతిథి: టర్కీలో మర్మారిస్ చుట్టూ ఉన్న దారులు నావిగేటర్ కళ్లతో చూస్తే నరకం. అక్కడ చెతిబెలి అని 38 కిలోమీటర్ల స్టేజీ ఉంది. 2020లో ఆదివారం ఉదయం పెద్ద కార్ల అగ్ర డ్రైవర్లు న్యూవిల్, లోబ్, ఓజియే ముగ్గురికీ దాని మీదే పంక్చర్లయ్యాయి, ఎల్ఫిన్ ఎవాన్స్ ఆ గందరగోళం దాటుకుని ర్యాలీ గెలిచాడు. ఇప్పుడు వాళ్ల వెనక బయలుదేరే ఆర్5 కార్ల సంగతి ఆలోచించండి. ముందు వెళ్లిన పెద్ద కార్లు మలుపు లోపలి అంచును కోసుకుంటూ పోయి, భూమిలో పాతుకున్న రాళ్లను పైకి లాగేస్తాయి. ర్యాలీకి ముందు దారి చూసుకునే రెక్కీలో నున్నగా కనిపించిన చోట రాయి పొడుచుకుని ఉంటుంది. అందుకే దారి వివరాలు రాసుకునే పేస్ నోట్సులో వేగం కంటే ముందు 'కోయవద్దు' అన్న మాట రాసుకుంటాం. ఆ మాట నేను చదివేసరికి డ్రైవర్ స్టీరింగు అప్పటికే సగం తిప్పేసి ఉంటే, ఇక దేవుడే దిక్కు.

స్టెప్నీలు ఒకటి వేసుకోవాలా, రెండా అన్నది అక్కడి మరో తలనొప్పి. రెండు వేసుకుంటే ఆ బరువుకు ప్రతి కిలోమీటరులోనూ సమయం పోతుంది. ఒక్కటే వేసుకుని రెండో పంక్చరు అయితే ర్యాలీయే పోతుంది. ఫ్యాక్టరీ జట్టుకు వాతావరణం చూసి చెప్పేవాళ్లు ఉంటారు. ప్రైవేటు జట్టులో సర్వీస్ పార్కులో నిలబడి ఇద్దరం ముఖాలు చూసుకుని తేల్చుకోవాలి. ఆ ఏడాది టర్కీలో డబ్ల్యూఆర్‌సీ-3 గెలిచిన పోలండ్ డ్రైవర్ కాయెటాన్ కాయెటానోవిచ్ మూడుసార్లు యూరోపియన్ ర్యాలీ ఛాంపియన్ అయినవాడు. అలాంటి దారి మీద పాత చేతులు గెలవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

వ్యాఖ్యాత: దానికి ముందు ఎస్తోనియాలో కుర్రాడు గెలిచాడు కదా?

అతిథి: అవును. 2003 ప్రపంచ ఛాంపియన్ పెటర్ సోల్‌బర్గ్ కొడుకు ఆలివర్, ఫోక్స్‌వ్యాగన్ పోలోతో గెలిచాడు, అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఎస్తోనియా దారులు వెడల్పుగా, వేగంగా ఉంటాయి, అక్కడ కుర్రతనం పనికొస్తుంది. సార్డీనియాలో మళ్లీ హుట్టునెన్ గెలిచాడు. నవంబరులో జరగాల్సిన బెల్జియం ర్యాలీ రద్దయింది, ఇక డిసెంబరులో మోంజా ఒక్కటే మిగిలింది. రేసింగ్ ట్రాక్ మీద కొంత, మంచు పడిన కొండ దారుల మీద కొంత నడిచిన విచిత్రమైన ర్యాలీ అది. హుట్టునెన్‌కు అక్కడ గెలుపు అక్కర్లేదు, కారును ముగింపు దాకా తేవడం కావాలి. తెచ్చాడు, బులాసియాను కొద్ది పాయింట్లతో దాటి ఛాంపియన్ అయ్యాడు. కొందరు దానిని పిరికి డ్రైవింగ్ అన్నారు. నేను ఒప్పుకోను. తన ఖర్చుతో పరుగెత్తేవాడికి కారును నిలబెట్టుకోవడం కూడా ప్రతిభే.

వ్యాఖ్యాత: మన దగ్గర ఈ స్థాయికి వెళ్లే అవకాశం ఎవరికైనా ఉందంటారా?

అతిథి: గౌరవ్ గిల్ ఆసియా-పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌ను 2013, 2016, 2017లలో గెలిచాడు. మన చెన్నై కంపెనీ ఎంఆర్‌ఎఫ్ టైర్ల మీద స్పెయిన్‌కు చెందిన ఎఫ్రెన్ యారెనా 2022లో యూరోపియన్ ఛాంపియన్ అయ్యాడు, ఆ కారు కూడా ఈ ఆర్5 వారసత్వపు కారే. అంటే మన టైరు అక్కడికి చేరింది. మన కుర్రాళ్లకు అడ్డం వచ్చేది ప్రతిభ కాదు. చిక్కమగళూరు కాఫీ తోటల మట్టి దారులు, కోయంబత్తూరు చుట్టుపక్కల ర్యాలీలు మంచి బడులే. కానీ మంచు, తడి తారు, యూరప్ కంకర, ఇవన్నీ ఒకే సీజన్‌లో చూడాలంటే అక్కడే కారు అద్దెకు తీసుకుని అక్కడే ఉండాలి. స్పాన్సరు ఒక్క ర్యాలీకి డబ్బిస్తాడు, రెండో ర్యాలీకి ఫలితం అడుగుతాడు. మొదటిది నేర్చుకోవడానికే సరిపోతుందని అతడికి చెప్పి ఒప్పించడం, నన్నడిగితే, టర్కీ స్టేజీ కంటే కష్టం.

వ్యాఖ్యాత: ఆ పోటీ ఇప్పటికీ అదే రూపంలో ఉందా?

అతిథి: లేదు. 2021లో ఫ్రాన్స్‌కు చెందిన యోహాన్ రోసెల్ ఛాంపియన్ అయిన తరువాత, 2022 నుంచి డబ్ల్యూఆర్‌సీ-3ని చిన్న ర్యాలీ3 కార్లకు ఇచ్చేశారు. ప్రైవేటు ఆర్5 వాళ్లు, అప్పటికి వాటి పేరు ర్యాలీ2గా మారింది, మళ్లీ డబ్ల్యూఆర్‌సీ-2లో ఫ్యాక్టరీ అండ ఉన్నవాళ్లతో కలిసిపోయారు. ర్యాలీ3 కారు ధర తక్కువ కనుక కుర్రాళ్లకు మంచిదే. అయినా విడిగా ఒక పట్టిక ఉన్నప్పుడు హుట్టునెన్ లాంటివాడి పేరు పైన కనిపించేది, స్పాన్సరుకు చూపించడానికి అది పనికొచ్చేది. ఆ రెండేళ్ల ఏర్పాటును ఇంకొంతకాలం కొనసాగించాల్సింది.