నడక కోసం ఆపరేషన్

శ్రోతలకు నమస్కారం. క్యాన్సర్ వెన్నెముకకు పాకిందని తెలియగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట, "ఆపరేషన్ చేస్తే మొత్తం పోతుందా డాక్టర్ గారూ?" అని. చాలావరకు పోదు. మనిషి తన కాళ్ల మీద తాను నడవాలని, నొప్పి తగ్గి రాత్రి కాస్త కన్ను మూయాలని చేసే ఆపరేషన్ ఇది.

రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు వెన్నుపూసల్లోకి వచ్చి చేరుతుంటాయి. పూస గుల్లబారి కుంగిపోవచ్చు. గడ్డ పెరిగి వెన్నుపామును నొక్కేయవచ్చు.

ఒకప్పుడు సర్జన్లు వెనకవైపు ఎముక మాత్రం తీసేసి వెన్నుపాముకు చోటు చేసేవారు. గడ్డేమో ఎక్కువగా ముందువైపు ఉండేది! అది అక్కడే ఉండిపోయేది, వెనక ఉన్న ఆసరా కూడా పోయేది. ఈమాత్రానికి కత్తి పెట్టడం ఎందుకు, రేడియేషన్ చాలదా అనుకున్నారు. 2005లో, 101 మంది రోగులతో చేసిన అమెరికా పరిశోధన ఒకటి వెలువడింది. నొక్కుతున్న గడ్డను నేరుగా తీసి, పూసలు నిలకడగా లేనిచోట బిగించి, తర్వాత రేడియేషన్ ఇచ్చినవారిలో 84 శాతం మంది నడవగలిగారు. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో 57 శాతం. ఆ లెక్కతో డాక్టర్ల ఆలోచన మారింది.

ఇప్పుడు చాలాచోట్ల గడ్డనంతా తవ్వి తీయాలని కూడా చూడరు. వెన్నుపాము చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ చేసి, స్క్రూలు, రాడ్లతో పూసలు బిగిస్తారు. ఆ సన్నటి సందు ఉంటే చాలు, మిగిలిన గడ్డ మీదికి గురిపెట్టి గట్టి డోసు రేడియేషన్ ఇవ్వొచ్చు, వెన్నుపాముకు దెబ్బ తగిలే ముప్పు తగ్గుతుంది. కిడ్నీ క్యాన్సర్ గడ్డల్ని కోస్తే రక్తం బాగా పోతుంది కాబట్టి, వాటికి రక్తం తెచ్చే నాళాలను తరచు ముందే మూసేస్తారు.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. లింఫోమా, మైలోమా లాంటి రక్తకణాల క్యాన్సర్లు రేడియేషన్‌కు, మందులకు బాగా లొంగుతాయి. కుంగిన పూసలోకి కొందరికి సూదితో సిమెంట్ ఎక్కిస్తారు, ఇల్లు కట్టే సిమెంట్ కాదు లెండి. ఒంట్లో బొత్తిగా ఓపిక లేనివారిని పెద్ద ఆపరేషన్‌తో కష్టపెట్టరు.

క్యాన్సర్ ఉన్నవారికి పడుకుంటే ఎక్కువయ్యే వెన్నునొప్పి వచ్చినా, కాళ్లు తడబడినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా వెంటనే ఎమ్మారై తీయించాలి. ఆ 2005 పరిశోధనలో, కాళ్లు పూర్తిగా చచ్చుబడి 48 గంటలు దాటినవారిని అసలు చేర్చుకోనేలేదు. ఎల్లుండి ఎలాగూ అపాయింట్‌మెంట్ ఉంది కదా అని ఆగకండి, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.