అరకు రైలు ఆగిందా? వానల్లో ప్లాన్ మార్చుకునే దారులు: పూర్తి రివ్యూ

అందరికీ నమస్కారం అండీ. అరకు సీజనూ తుపాన్ల సీజనూ మనకి ఒకేసారి మొదలవుతాయి, అక్టోబర్, నవంబర్‌లో. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది కూడా అక్టోబర్ 12నే. అందుకే ఈ వీడియోలో అరకు అందాల గురించి మాట్లాడను. విశాఖ నుంచి అరకు మీదుగా పొద్దున వెళ్లే కిరండూల్ రైలు అటూ ఇటూ అయితే ఏ యాప్ నమ్మాలి, డబ్బులు ఎలా రాబట్టుకోవాలి, ఆ రోజు ఎటు వెళ్లాలి, ఇదే చూద్దాం.

ముందు ఎన్‌టీఈఎస్. రైల్వే వాళ్ల సొంత యాప్. చూడ్డానికి పాతకాలం సరుకులా ఉంటుంది గానీ, రద్దు, మళ్లింపు లాంటి నిర్ణయాలకు నేను నమ్మేది దీన్నే. ఫోన్ల లొకేషన్ పట్టి చెప్పే ప్రైవేటు యాప్‌లు రైలు ఎక్కడుందో బాగానే చూపిస్తాయి, అంతవరకే. యాప్ తెరుచుకోకపోతే 139కి ఫోన్ చేయండి.

ఇప్పుడు స్క్రీన్ మీద పదాలు జాగ్రత్తగా చదవాలి. "క్యాన్సిల్డ్" అంటే గొడవే లేదు, రైలు లేదు. "పార్షియల్లీ క్యాన్సిల్డ్" అని ఉంటే కంగారు పడి టికెట్ రద్దు చేసుకోకండి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఆపారో చూడండి. ఈ రైలును అరకు దాటాక ఎక్కడో వచ్చే దంతెవాడ దగ్గరే ఆపేయడం తరచూ జరిగేదే. దంతెవాడ, కిరండూల్ మధ్య ఆపితే అరకు దిగేవాళ్లకి పోయేదేం లేదు.

అసలు దెబ్బ కొట్టేది మూడో పదం, "డైవర్టెడ్". యాప్‌లో రైలు నడుస్తున్నట్టే ఉంటుంది, టైమ్‌కి బయల్దేరుతుంది కూడా. కానీ ఘాట్‌లో కొండచరియలు పడితే కిరండూల్ రైళ్లను విజయనగరం, రాయగడ, కొరాపుట్ మీదుగా పంపుతారు. ఆ దారిలో బొర్రా గుహలు రాదు, అరకు రాదు. ఎక్కి కూర్చుంటే నేరుగా ఒడిశాలో తేలతారు. రూట్ నొక్కి చూడండి: శృంగవరపుకోట, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి పేర్లు లేకపోతే అది మీ రైలు కాదు.

ఎందుకిలా అంటే, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైన్ ఇది. బొడ్డవర దాటాక కొండను చీల్చుకుంటూ పైకి, 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ దాకా ఎక్కుతుంది. రెండు మూడు రోజులు వానకి నానితే, చీల్చిన కొండవైపు నుంచి బండరాళ్లు మట్టితో కలిసి పట్టాల మీదకి జారతాయి. వాన తగ్గిన మర్నాడు కూడా జారొచ్చు, అందుకే ఎండ కాసింది కదా అని రైలు వెంటనే వదలరు.

డబ్బుల సంగతి. రైలు మొత్తం రద్దయితే ఈ-టికెట్ డబ్బు దానంతట అదే వెనక్కి వస్తుంది, మీరేం చేయక్కర్లేదు. కౌంటర్ టికెట్ అయితే 72 గంటల్లోపు కౌంటర్‌లో ఇచ్చేయాలి. మిగతా కేసుల్లో జనం చేసే తప్పు ఒకటే: మామూలు క్యాన్సిల్ బటన్ నొక్కేస్తారు, ఛార్జీలు కోసుకుంటారు. దానికి బదులు టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోసం ఐఆర్‌సీటీసీలో పెట్టే అర్జీ, వేయాలి. మీరెక్కే స్టేషన్లో రైలు 3 గంటలకు మించి లేటైతే, అది అక్కడి నుంచి కదలకముందే టీడీఆర్ పడాలి, మీరు ఎక్కకూడదు. కదిలాక వేస్తే లాభం లేదు. మళ్లించిన రైలైతే కారణాల జాబితాలో "రైలు గమ్యస్థానం స్టేషన్‌కు వెళ్లలేదు" అనే అర్థం వచ్చేది ఉంటుంది, అదే ఎంచుకోండి. దీనికి 72 గంటల గడువుంది, అయినా అదే రోజు వేసేయడం మంచిది.

హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో వచ్చి పొద్దున్నే కిరండూల్ ఎక్కేవాళ్లు రెండు పీఎన్‌ఆర్‌లూ ఐఆర్‌సీటీసీలో ముందే లింక్ చేసుకోండి. ప్రయాణికుల వివరాలు రెండింట్లో ఒకేలా ఉండాలి. మొదటి రైలు లేటై రెండోది తప్పిపోతే, రద్దు ఛార్జీలు లేకుండా డబ్బు అడగొచ్చు. కాకపోతే దిగిన 3 గంటల్లోపే.

సరే, రైలు లేదు. "కారు మాట్లాడుకుందాం" అంటారు ఇంట్లో. ఆగండి. పెందుర్తి, ఎస్.కోట, అనంతగిరి మీదుగా దాదాపు 115 కిలోమీటర్ల రోడ్డు కూడా అదే కొండ ఎక్కుతుంది. పట్టాల మీద రాయి పడ్డ రోజు రోడ్డు మీద చెట్టు పడదని ఏముంది? చోడవరం, పాడేరు దారి చుట్టూ తిరుగుడు, అదీ ఘాటే. వాతావరణ శాఖ "అతి భారీ" అందంటే 24 గంటల్లో 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్ల వాన పడొచ్చని. అలాంటి రోజు పైకి వెళ్లే ప్లాన్ నా లెక్కలో సున్నా మార్కులు. పైకి చేరినా బొర్రా గుహలు, కటికి జలపాతం, చాపరాయి వాగు మూసేసి ఉండొచ్చు. చాపరాయిలో ఆ పరుపు బండలు తడిస్తే నాచు మీద కాలు నిలవదు.

విశాఖలోనే ఉండిపోతే? తుపాను హెచ్చరిక ఉన్న రోజు బీచ్ రోడ్డు మర్చిపోండి. మామూలు వానైతే కురుసుర సబ్‌మెరైన్, ఎదురుగానే టీయూ-142 విమానం, రెండూ లోపల తిరిగి చూసేవే. 91 మీటర్ల కురుసురలో ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపులోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం. సోమవారం సెలవు. పెద్దవాళ్లతో అయితే సింహాచలం మేలు. కైలాసగిరి రోప్‌వే గాలికి ఆపేస్తారు, దాన్ని నమ్ముకోవద్దు. వాన వెలిశాక తొట్లకొండ పెట్టుకోండి, కొండ మీద నుంచి సముద్రం కడిగినట్టు కనిపిస్తుంది.

చివరగా, పొద్దున రైలు బాగానే నడిచి మీరు అరకులో ఉంటే, పన్నెండింటికల్లా తిరుగు రైలు చూడండి. కిరండూల్‌లో బయల్దేరిందా, జగదల్‌పూర్ దాటిందా? ఆచూకీ లేకపోతే సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోకండి. ఆర్టీసీ బస్సో, కారో పట్టుకుని ఘాట్‌లో మంచు, చీకటి కమ్మకముందే ఎస్.కోట దిగిపోండి. అక్కడి నుంచి విశాఖ దాకా మైదానమే.