విశ్వవిద్యాలయ కార్యాలయాల్లో పొదుపు ఎక్కడ మొదలవ్వాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

విశ్వవిద్యాలయం అనగానే మనకు తరగతి గది, ప్రయోగశాల, గ్రంథాలయం గుర్తుకొస్తాయి గానీ, వాటిని నడిపించే పరిపాలన భవనం గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా ఉన్నది 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమయింది. విజయనగరంలోని ఇంజినీరింగ్ కళాశాల 2022లో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయంగా మారింది. ఉన్నత విద్య మన ఊళ్ల చెంతకు రావడం సంతోషించదగ్గ విషయమే. అయితే విశ్వవిద్యాలయం పెద్దదైనా చిన్నదైనా రిజిస్ట్రార్ కార్యాలయం, పరీక్షల విభాగం, అకౌంట్స్ సెక్షన్, ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఉండక తప్పదు. విద్యార్థుల సంఖ్య తగ్గినంత మాత్రాన ఆ ఖర్చు తగ్గదు.

అందువల్లనే పొదుపు అనగానే ఎవరి చూపైనా ముందు సిబ్బంది మీదికే వెళ్తుంది. ఖాళీ అయిన పోస్టును భర్తీ చేయకుండా వదిలేయడం, పొరుగుసేవల ఉద్యోగిని తొలగించడం తేలికైన పనులు. కానీ పని తీరు మారకుండా మనుషులు మాత్రమే తగ్గితే మిగిలినవారి బల్లల మీద ఫైళ్లు పేరుకుపోతాయి. సిబ్బందిని లెక్కపెట్టడానికి ముందు, ఒక దరఖాస్తు ఎన్ని బల్లలు దాటుతోందో లెక్కపెట్టాలని నా దృఢమైన అభిప్రాయం.

ఒక విశ్వవిద్యాలయం నుంచి మరో విశ్వవిద్యాలయానికి మారే విద్యార్థికి ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్‌నే తీసుకుందాం. దరఖాస్తు, ఫీజు రసీదు, మార్కుల జాబితాల నకళ్లు, వచ్చిన కాగితాలను అందుకునే తపాల్ సెక్షన్‌కు చేరతాయి. అక్కడ ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది. పాత పద్ధతిలో నడిచే కార్యాలయమైతే, సంబంధిత సెక్షన్‌లో అసిస్టెంటు నోట్ రాసి సూపరింటెండెంటుకు పెడతారు. ఫీజు జమ అయిందో లేదో చూడటానికి ఫైలు అకౌంట్స్‌కు, మార్కులు సరిచూడటానికి పరీక్షల విభాగానికి వెళ్లి, తిరిగి మొదటి సెక్షన్‌కే వచ్చి, అసిస్టెంట్ రిజిస్ట్రార్ సంతకం కోసం ఎదురుచూస్తుంది. ప్రతి చోటా అదే పేరు, అదే హాల్ టికెట్ నంబరు మళ్లీ రిజిస్టరులోకి ఎక్కుతాయి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఆగిన సంగతి తెలియాలంటే ఇచ్ఛాపురం విద్యార్థిని ఎచ్చెర్లకు వందకు పైగా కిలోమీటర్లు బస్సులో రావాలి. ఆ అమ్మాయి దారిఖర్చు, ఆమెతో వచ్చిన తండ్రి పోగొట్టుకున్న కూలి ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించవు. నన్ను అన్నిటికన్నా బాధించేది అదే.

ఆన్‌లైన్‌లో కట్టిన ఫీజు రసీదు దరఖాస్తుకు దానంతట అదే జతపడితే అకౌంట్స్ బల్ల అక్కరలేదు. మార్కుల వివరాలు సెక్షన్ కంప్యూటర్‌లోనే కనిపిస్తే పరీక్షల విభాగానికి ఫైలు పంపనక్కరలేదు. లోపం లేని దరఖాస్తు మీద సంతకం చేసే అధికారం సూపరింటెండెంటుకే అప్పగిస్తే మరో మెట్టు తగ్గుతుంది. కేంద్రం నడిపే ఆన్‌లైన్ పత్రాల భాండాగారం డిజిలాకర్‌లో జారీ అయిన పత్రం మూలపత్రంతో సమానమని కేంద్ర ప్రభుత్వ నిబంధనలే చెబుతున్నప్పుడు, అన్ని సర్టిఫికెట్లనూ అక్కడికి చేర్చడంలో వెనుకాడటం తగదు. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. కాగితం ఫైలును అలాగే ఉంచి దాని పక్కన కంప్యూటర్ ఫైలు కూడా నడిపితే పని రెట్టింపవుతుంది, ఖర్చు పెరుగుతుంది.

జీతాల బిల్లులు, పింఛన్ల లెక్కలు, కొనుగోళ్ల టెండర్లు వంటివి ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుకోవచ్చు. ప్రశ్నపత్రాలు, మూల్యాంకనం మాత్రం ఎవరివి వారి దగ్గరే ఉండాలి.

ఇలా పని తగ్గిన సెక్షన్లను ఒకదానితో ఒకటి కలపవచ్చు. అప్పుడు మిగిలే సిబ్బందిని విద్యార్థుల ఫోన్లకు జవాబు చెప్పడానికి, ఉపకారవేతనాల దరఖాస్తుల్లోని లోపాలను గడువుకు ముందే సరిచేయడానికి నియమించాలి. ఏళ్ల అనుభవంతో ఏ రిజిస్టరు ఎక్కడుందో తెలిసిన ఉద్యోగులే ఆ పనికి తగినవారు. సెక్షన్ల కలయికను నిర్ణయించేటప్పుడు ముందుగా వారినే అడగాలి.

వచ్చే ఏడాది బడ్జెట్ పాలకమండలి ముందుకు రాకముందే ఒక చిన్న పని చేయవచ్చు. మైగ్రేషన్, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ దరఖాస్తుల మీద ఒక నెలపాటు ప్రతి బల్ల దగ్గరా వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ వేయించి, ఆ వివరాలను పరిపాలన భవనం నోటీసు బోర్డులో అందరికీ కనబడేలా పెట్టాలి. ఏ సెక్షన్‌ను దేనితో కలపాలో నిర్ణయించే సమావేశం ఆ కాగితాన్ని ముందు పెట్టుకునే మొదలవ్వాలి.

నమస్కారం.