చేతులు కాలకముందే: పాలో మాల్దీని పాతికేళ్ల డిఫెన్స్

(తెర మీద: ఎరుపు, నలుపు చారల చొక్కాలో మాల్దీని ఫొటో)

ఈ ఫొటో మీలో చాలామందికి ఎవరో ఒకరు పంపే ఉంటారు. పాలో మాల్దీని, ఇటలీ ఫుట్‌బాల్ డిఫెండర్, క్లబ్బు ఏసీ మిలాన్, 3వ నంబరు. ఫొటో మీద పెద్ద అక్షరాల్లో అతని పేరుతో చలామణి అయ్యే మాట ఒకటి: "నేను టాకిల్ చేయాల్సి వచ్చిందంటే అప్పటికే తప్పు చేసినట్టు." టాకిల్ అంటే ఎదుటివాడి కాలి దగ్గరున్న బంతిని అడ్డుపడి లాక్కోవడం. కింద చిన్న అక్షరాల్లో ఒక దశాంశం. రెండు మ్యాచ్‌లు ఆడితే టాకిల్ ఒక్కటి చేసేవాడట.

ఆ దశాంశం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మాల్దీని ఇటలీ అగ్రశ్రేణి లీగ్ సెరీ ఏలో తొలి మ్యాచ్ ఆడింది 1985 జనవరి 20న. ప్రతి టాకిల్‌నూ లెక్కగట్టి పట్టికకు ఎక్కించే అలవాటు ఆ రోజుల్లో ఎక్కడుంది? మిలాన్ తరఫున అతను ఆడిన 902 మ్యాచ్‌లకు సగటు తీసిన మహానుభావుడెవరో నాకు చూడాలని ఉంది. లెక్క సంగతి పోనీయండి. దాని నుంచి జనం పిండే సారం ఇంకా ఘోరం. మాల్దీని అసలు టాకిలే చేయడు, కాబట్టి టాకిల్ చేసేవాడు తక్కువ రకం డిఫెండర్, ఇదీ వాదన.

పాత మ్యాచ్ ఏదైనా ఒకటి తీసి తొంభై నిమిషాలూ చూడండి. ముక్కలు కాదు, మొత్తం. నేల మీద జారుతూ వచ్చి, వింగర్ (అంచు వెంట దాడి చేసే ప్రత్యర్థి) కాలికి తగలకుండా బంతిని మాత్రమే తీసుకుని, ఆ ఊపులోనే లేచి నిలబడే మనిషి కనిపిస్తాడు. ఆ విద్యలో అతనికి సాటి వచ్చేవాళ్లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. టాకిల్ రాక మానుకోలేదు. ఆ అవసరం దాకా చాలాసార్లు రానివ్వలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటాం కదా. ఈ వీడియో అంతా ఆ ఆకుల చుట్టూనే తిరుగుతుంది. ముందే చెబుతున్నాను, తర్వాత విసుక్కోవద్దు.

ఆకులు అంటే టాకిల్. మంట అంటే ఎదుటి జట్టు దాడి. స్టేడియంలో చప్పట్లు మోగేది ఎప్పుడు? ఆకులు పట్టుకున్నప్పుడు. చెయ్యి కాలింది, అందరూ చూశారు, చివరి క్షణంలో మందు దొరికింది, అబ్బ ఎంత అద్భుతం! చెయ్యి కాలనే కాలని మనిషిని మాత్రం ఎవరూ చూడరు. కెమెరా కూడా చూడదు, అది బంతి వెంట పోతుంది. డిఫెండర్ చేసిన మంచి పని చాలావరకు కెమెరాకు అవతలే జరిగిపోతుంది. వాడు రెండు అడుగులు పక్కకు జరిగాడు కాబట్టి అటు రావాల్సిన పాస్ రాలేదు. రాని పాస్‌ను ఏ పట్టికలో రాస్తారు?

(బోర్డు మీద: ఎడమ అంచున రెండు చుక్కలు, ఒకటి వింగర్, ఒకటి మాల్దీని)

ఇప్పుడు ఆ రెండు అడుగుల సంగతి. వింగర్‌కు బంతి అందాక పరుగెత్తుకుంటూ వెళ్లే డిఫెండర్ అప్పటికే ఆలస్యం. బంతి గాలిలో ఉండగానే దగ్గరైతే, వింగర్ దాన్ని ఆపుకునే లోపు ఇతను ఎదురుగా నిలబడి ఉంటాడు. అదీ ఛాతీ చూపిస్తూ తిన్నగా కాదు, ఓరగా. తిన్నగా నిలబడితే వింగర్ అటూ పోవచ్చు, ఇటూ పోవచ్చు, కాళ్ల మధ్య నుంచి కూడా బంతిని నెట్టవచ్చు. ఓరగా నిలబడితే ఒక దారి మూసేసి, ఒకటే తెరిచి ఉంచినట్టు. వింగర్ తనే దారి ఎంచుకున్నానని అనుకుంటాడు, పాపం. ఎంచింది డిఫెండర్.

మాల్దీనికి ఇక్కడ ఇంకో సౌకర్యం ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యం. అతను పుట్టుకతో కుడికాలి ఆటగాడు. ఆడింది లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ అంచు డిఫెండర్‌గా. అంటే వింగర్ అతన్ని దాటి గోల్ వైపు లోపలికి తిరగబోతే, సరిగ్గా ఆ వైపున ఉన్నది మాల్దీని బలమైన కాలు. మంట ఎటు ఎగబాకితే అటు మంచి చెయ్యి ఉన్నట్టు. అలాగని ఎడమకాలు ఉత్తదేమీ కాదు. అంచు వెంట పరుగెత్తి ఎడమకాలితో క్రాస్ వేయడం, అంటే బంతిని గోల్ ముందుకు పంపడం చూస్తే అది రెండో కాలు అని చెప్పలేరు.

సరే, ఇదంతా ఒక్క మనిషి గొప్పతనం అనుకుంటే సగమే అర్థమైనట్టు. మన ఆకుల సామెతను కొంచెం సాగదీస్తాను. పొయ్యి మీద పెద్ద గుండిగ ఉంది, మరిగిపోతోంది. దాన్ని ఒక్కడు దించలేడు, నలుగురు పట్టుకోవాలి. ముగ్గురు ఒకేసారి లేపి నాలుగోవాడు క్షణం ఆలస్యం చేశాడా, గుండిగ ఒరుగుతుంది, నలుగురూ కాల్చుకుంటారు. డిఫెండర్ల వరసను దాటి గోల్‌కు దగ్గరగా నిలబడ్డ ఫార్వర్డ్‌కు (ముందుండి దాడి చేసేవాడికి) పాస్ ఇస్తే అది చెల్లదు, అదే ఆఫ్‌సైడ్. ఆ వరసే ఆఫ్‌సైడ్ గీత, అదే మన గుండిగ.

1987లో కోచ్‌గా వచ్చిన ఆరీగో సాకీ మిలాన్‌కు నేర్పింది ఇది. అప్పటిదాకా ఇటలీలో డిఫెన్స్ అంటే ప్రధానంగా ఒక్కొక్కడికి ఒక్కొక్క ప్రత్యర్థిని అప్పగించడం, వెనక ఒకడిని కాపలా ఉంచడం. సాకీ దాన్ని పక్కన పెట్టాడు. ఎక్కడ నిలబడాలో తేల్చుకోవడానికి నాలుగే గుర్తులు అన్నాడు: బంతి, ఖాళీ జాగా, ప్రత్యర్థి, సహచరుడు. బంతి లేకుండానే సాధన చేయించేవాడు. లేని బంతి ఎక్కడుందో అతను చెబుతుంటే జట్టంతా ఒక్క మనిషిలా అటు కదలాలి. బయటి నుంచి చూసేవాళ్లకు పిచ్చిగా అనిపించి ఉంటుంది. మధ్యలో ఫ్రాంకో బరేజీ, అతని పక్కన కొస్టాకుర్తా, కుడివైపు టస్సోటి, ఎడమవైపు మాల్దీని. గుండిగకు నాలుగు వైపులా నలుగురు. బరేజీ చెయ్యెత్తితే అందరూ ఒకేసారి ముందుకు, ఎదుటి జట్టు ఫార్వర్డ్ వెనక ఒంటరిగా మిగిలిపోయేవాడు. 1989లో, 1990లో వరసగా యూరోపియన్ కప్ గెలిచారు. యూరప్ క్లబ్బుల పెద్ద కప్ అది, 1992 నుంచి దాని పేరు ఛాంపియన్స్ లీగ్.

తర్వాత ఫాబియో కపెల్లో వచ్చాడు. 1991-92 సీజన్‌లో లీగ్‌లో ఒక్క ఓటమి లేదు. 1993-94లో 34 మ్యాచ్‌లలో మిలాన్ ఇచ్చిన గోల్స్ 15. కొట్టిన గోల్స్ 36 మాత్రమే, అయినా ఛాంపియన్లు! దాడి చేసేవాళ్లను పొగిడే మిత్రులు ఈ రెండు అంకెలను కాస్త పక్కపక్కన రాసుకోవాలని మనవి.

ఆ ఏడాదే, నన్నడిగితే, మాల్దీని అసలు విలువ బయటపడింది. మే నెలలో ఏథెన్స్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, ఎదురుగా యోహాన్ క్రైఫ్ శిక్షణలోని బార్సిలోనా. బరేజీ, కొస్టాకుర్తా ఇద్దరూ నిషేధంతో బయట. గుండిగ మోసే నలుగురిలో మధ్యవాళ్లిద్దరూ లేరు. మాల్దీనిని ఎడమ అంచు నుంచి మధ్యలోకి జరిపారు, పక్కన ఫిలిప్పో గాలీ. కప్ బార్సిలోనాదేనని మ్యాచ్‌కు ముందు చాలామంది రాసేశారు. మిలాన్ 4-0తో గెలిచింది. అంచున ఉండేవాడికి ఒక పక్క మైదానం అంచు గీత ఉంటుంది, వింగర్ దాన్ని దాటి పోలేడు. మధ్యలో ఆ ఆసరా ఉండదు, మంట రెండు వైపుల నుంచీ వస్తుంది. స్థానం మారినా అతను తడబడలేదు. ఎందుకంటే అతను మొదటి నుంచీ ఆడుతున్నది స్థానాన్ని కాదు, ఆ నాలుగు గుర్తులను.

ఇప్పుడు అసలు ప్రశ్న. 1985 నుంచి 2009 దాకా, ఒకే క్లబ్బుకు, అగ్రశ్రేణిలో. ఎలా? అందరూ చెప్పే జవాబు ఆరోగ్యం, క్రమశిక్షణ. ఉన్నాయి, కాదనను. కానీ మోకాళ్లు అతన్ని చివరి ఏళ్లలో చాలా బాధపెట్టాయి. వయసుతో ముందు పోయేది వేగం. ఆకుల కోసం పరుగెత్తడం మీదే బతికే డిఫెండర్‌కు ముప్పై రెండు, ముప్పై మూడు వచ్చేసరికి ఆకులు అందవు. మంట ఎటు నుంచి వస్తుందో పసిగట్టడం మీద బతికేవాడికి ఏటేటా పెట్టుబడి పెరుగుతుంది. వింగర్ల ఎత్తులు అతను వెయ్యిసార్లు చూసి ఉంటాడు. వయసు మీద పడ్డాక ఎక్కువగా మధ్యలోనే ఆడాడు. అక్కడ పరుగు తక్కువ, చదవడం ఎక్కువ.

పొయ్యి కూడా, అంటే ఆట నియమాలు కూడా, మధ్యలో మారుతూ వచ్చాయి. 1990లో డిఫెండర్‌తో సమానంగా ఉన్న ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్ కాదన్నారు. 1992లో సహచరుడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్నారు. దాంతో డిఫెండర్‌కు తప్పించుకునే దారి ఒకటి మూసుకుపోయింది, కాలితో బంతి ఆడటం రానివాడికి కష్టకాలం వచ్చింది. మాల్దీనికి రాలేదు.

అయితే అతని చెయ్యి ఎప్పుడూ కాలలేదా? కాలింది, బాగానే కాలింది. 2002 ప్రపంచ కప్‌లో దక్షిణ కొరియా మీద అదనపు సమయంలో, 117వ నిమిషంలో, ఆన్ జంగ్ హ్వాన్ అతని కంటే పైకి ఎగిరి తలతో కొట్టిన గోల్డెన్ గోల్ (అదనపు సమయంలో మొదట పడ్డ గోల్‌తోనే మ్యాచ్ ముగిసిపోయే నియమం) ఇటలీని ఇంటికి పంపింది. అదే మాల్దీనికి దేశం తరఫున చివరి మ్యాచ్. 126 మ్యాచ్‌లు, నాలుగు ప్రపంచ కప్‌లు, ఒక్క కప్పూ లేదు. 1994 ప్రపంచ కప్ ఫైనల్ పెనాల్టీలలో పోయింది, 2000 యూరో ఫైనల్ గోల్డెన్ గోల్‌తో పోయింది. అతను ఆపేసిన నాలుగేళ్లకు ఇటలీ ప్రపంచ కప్ గెలిచింది. ఇంతకన్నా వెక్కిరింపు ఉంటుందా? ప్రపంచ కప్‌లలో అతను మైదానంలో గడిపిన 2,217 నిమిషాల రికార్డు మాత్రం 2022 ఫైనల్‌లో మెస్సీ దాటేదాకా నిలిచింది.

2005లో ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్‌తో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, పెనాల్టీలలో మిలాన్ ఓడింది. ఆ సంగతి చాలామందికి తెలిసిందే, వివరంగా చెప్పను. ఒక్కటే: ఆ ఫైనల్ మొదటి నిమిషంలోనే గోల్ కొట్టింది 36 ఏళ్ల ఈ డిఫెండరే. మూడు గోల్స్ ముందుండి కూడా ఆ రాత్రి గుండిగ ఒరిగింది. ఆరు నిమిషాల్లో మూడు గోల్స్! అందులో ఏది ఎవరి తప్పు అనే దాని మీద విడిగా ఇంకో వీడియో చేయాలి.

సమయం అయిపోతోంది, మిగిలింది గబగబా చెప్పేస్తాను. 1963లో వెంబ్లీలో మిలాన్ కెప్టెన్‌గా యూరోపియన్ కప్ ఎత్తింది అతని తండ్రి చేజరె మాల్దీని. సరిగ్గా నలభై ఏళ్లకు, అదే ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్‌లో, యువెంటస్ మీద పెనాల్టీలలో గెలిచి అదే కప్ ఎత్తాడు కొడుకు. 2007లో ఏథెన్స్‌లో లివర్‌పూల్ మీద బదులు తీర్చుకుని మళ్లీ ఎత్తాడు, అతనికి అది ఐదోది. లీగ్ టైటిళ్లు ఏడు. 2009 మే 24న సొంత మైదానంలో చివరి మ్యాచ్, రోమా చేతిలో ఓటమి. మిలాన్ అభిమానుల్లోనే కొందరు ఈలలు వేశారు, దాని గురించి మాట్లాడితే నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది కాబట్టి వద్దు. వారం తర్వాత ఫ్లోరెన్స్‌లో ప్రత్యర్థి అభిమానులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

3వ నంబరు చొక్కాను మిలాన్ పక్కన పెట్టేసింది. మాల్దీని కొడుకులు ఎవరైనా మొదటి జట్టుకు ఆడితే తప్ప అది ఇంకెవరికీ ఇవ్వరు. చిన్న కొడుకు డానియెల్ 2020 ఫిబ్రవరిలో మొదటి జట్టులోకి వచ్చాడు. 3 తీసుకోలేదు, వేరే నంబరు వేసుకున్నాడు. తాత డిఫెండర్, తండ్రి డిఫెండర్. ఈ అబ్బాయి ఫార్వర్డ్, మంట పెట్టే వైపు చేరాడు.