ముధోల్ కుక్కకి కొత్తవాళ్లంటే బెరుకు, అది లోపం కాదు

యాంకర్: ఇవాళ మన పశువైద్యులు డాక్టర్ గారితో ముధోల్ వేటకుక్కల గురించి మాట్లాడుకుందాం. పటమట నుంచి మొదటి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండి డాక్టర్ గారూ. మావాడు కర్ణాటక నుంచి ముధోల్ కుక్కపిల్లని తెచ్చాడండి, దానికి ఐదో నెల నడుస్తోంది. కాపలాకని తీసుకున్నాం. ఎవరొచ్చినా మంచం కింద దూరుతుంది. మొన్న మా బావగారు తల నిమరబోతే వణికిపోయింది. పిరికిదాన్ని అంటగట్టారంటున్నారు అందరూ. రెండు పూటలా పెరుగన్నం పెడుతున్నా ఎముకలే కనపడుతున్నాయి. కాపలాకి పనికొస్తుందాండి?

డాక్టర్: గొలుసుతో కడుతున్నారా?

కాలర్: పగలంతా గేటు దగ్గరే కడతామండి.

డాక్టర్: ముందు ఆ గొలుసు తీసెయ్యండమ్మా. ఇది పరుగెత్తే జాతి. దీని పేరు ఊరి పేరే, నిర్మల్ దగ్గరున్న మన ముధోల్ కాదు, కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్. అక్కడి సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే వీటిని పెంచి పేరు తెచ్చారు. మహారాష్ట్రలో కారవాన్ అంటారు. వాసన పట్టి వెతికే కుక్క కాదమ్మా, కంటితో చూసి తరిమే కుక్క. లోతైన రొమ్ము, సన్నటి నడుము, పొడవాటి మూతి, అన్నీ పరుగు కోసమే. పెద్దదయ్యాక కూడా చివరి పక్కటెముకలు కొంచెం కనపడతాయి, అది సహజం. వెన్నుపూసలు గుచ్చుకునేలా ఉంటే మాత్రం తిండి చాలట్లేదనో, కడుపులో పురుగులున్నాయనో అర్థం. పెరుగన్నం ఒక్కటే చాలదు. ఆరు నెలలొచ్చేదాకా రోజుకి మూడు పూటలు పెట్టండి. అన్నంలో ఉడికించిన కోడిమాంసం, గుడ్డు కలపండి. ఉడికిన ఎముక మాత్రం వద్దు, చీలి పేగులో గుచ్చుకుంటుంది. పురుగుల మందు బరువు చూసి మీ డాక్టరే ఇవ్వాలి.

కాలర్: సరేనండి. మరి కాపలాకి...

డాక్టర్: వస్తున్నానమ్మా. కొత్తవాళ్లు తాకితే దీనికి గిట్టదు, పుట్టుకతోనే అంత. వచ్చినవాళ్లని పక్కకి తిరిగి నేల మీద కూర్చోమనండి. కళ్లల్లోకి చూడొద్దు, తల మీద చెయ్యి వెయ్యొద్దు. మాంసం ముక్క కొంచెం దూరంగా వేసి ఊరుకోవాలి. అదే వచ్చి వాసన చూస్తుంది. నాలుగైదు వారాలు ఓపిక పట్టండి. కొట్టారంటే మళ్లీ నమ్మదు.

కాలర్: అంటే దొంగలొస్తే పనికిరాదంటారా?

డాక్టర్: అమ్మా, అలికిడి పసిగడుతుంది, అరుస్తుంది. మీద పడి పట్టుకోవాలని ఆశించకండి. 2016లో మన సైన్యం ముధోల్ కుక్కపిల్లల్ని మేరఠ్ తీసుకెళ్లి శిక్షణ ఇచ్చింది. తెలివి లేకపోతే తీసుకెళతారా? గొలుసు మాత్రం తీసెయ్యండి.

యాంకర్: థాంక్సమ్మా. మంగళగిరి నుంచి.

కాలర్: సార్, పొలాల్లో కుందేళ్ల వేటకి ఏ వయసు నుంచి...

డాక్టర్: వద్దు బాబూ. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ప్రహరీ ఉన్న ఖాళీ స్థలంలో తెల్లారకముందే పరుగెత్తించండి, మన ఎండల్లో పొద్దెక్కితే నేల కాలిపోతుంది. తిన్న గంటలోపు పరుగు వద్దు, పొట్ట ఉబ్బి మెలిపడొచ్చు.

యాంకర్: గుంటూరు బ్రాడీపేట.

కాలర్: బెల్టు ఊడి రోడ్డు మీదకి పోతోందండి.

డాక్టర్: దీని తల మెడకన్నా లావుండదు. వెనక్కి గుంజితే మామూలు బెల్టు చెవుల మీదుగా జారిపోతుంది. లాగితే బిగిసే మార్టింగేల్ బెల్టు కొనండి, రెండు వేళ్ల వెడల్పు ఉండాలి. పూర్తిగా బిగిశాక కూడా లోపల రెండు వేళ్లు దూరాలి. పిల్లి కనపడిందంటే మీ పిలుపు దానికి వినపడదు, రోడ్డు మీద వదలొద్దు. ఇంకోటి, ఆపరేషన్ చేయించాల్సొస్తే ఇది ముధోల్ అని ముందే చెప్పండి. ఒంట్లో కొవ్వు తక్కువ, కొన్ని మత్తుమందుల నుంచి తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది.

కాలర్: రాత్రి కట్టెయ్యొచ్చాండి?

డాక్టర్: గొలుసు వద్దన్నాను కదా బాబూ. లోపల పడుకోబెట్టండి.

యాంకర్: టైమైపోయింది. థాంక్యూ డాక్టర్ గారూ.