బ్రేకులకి మేకప్

(ఈ ఎపిసోడ్ షెడ్డులోనే రికార్డు చేశాం. మధ్యమధ్యలో కంప్రెసర్ మోత వినిపిస్తుంది, ఏమనుకోకండి.)

నేను: నమస్తే అండి. ఇవాళ విశాఖలో బాబాయ్ షెడ్డులో స్టూల్ మీద కూర్చున్నా. నా కారు జాకీ మీదుంది. ముందు చక్రాలు రెండూ ఊడదీసి గోడకి ఆనించారు. ఇవాళ మాట్లాడేది బ్రేకుల గురించి. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు, దాన్ని రెండు వైపులా ఒత్తి ఆపేవి ప్యాడ్లు, ఆ ప్యాడ్లని పిస్టన్లతో నొక్కేది కేలిపర్. బాబాయ్, చక్రం తీయగానే మీకేమనిపించింది, మొహమాటం లేకుండా చెప్పండి.

బాబాయ్: ఎర్రగా ఉందనిపించింది. (నవ్వు) కేలిపర్ పెళ్లికూతురులా ఉందమ్మా. డిస్కు మీద వేలు పెడితే మాత్రం జిడ్డు.

నేను: ఆ జిడ్డు కథ నేనే చెప్తా. ఏడాది కిందట ముందు చక్రాలకి 4 పిస్టన్ల కేలిపర్లు, గీతలున్న పెద్ద డిస్కులు వేయించా. అంత డబ్బు పోశాక ఊరికే ఉండలేం కదా, వారం వారం తుడుస్తూనే ఉన్నా. మొన్న టైర్లకి పాలిష్ స్ప్రే కొడుతుంటే అలాయ్ చక్రం సందుల్లోంచి డిస్కు మీద పడింది. నేను చూసుకోలేదు. అపార్ట్‌మెంటు ర్యాంపు దిగుతూ బ్రేకు తొక్కితే కారు ఆగదే! చివరికి గేటుకి జానెడు దూరంలో ఆగింది. వాచ్‌మన్ ఇప్పుడు నన్ను చూస్తేనే పక్కకి తప్పుకుంటున్నాడు.

బాబాయ్: ఆ పాలిష్‌లో సిలికాన్ ఉంటాదమ్మా. డిస్కు ఇనుము కాబట్టి బ్రేక్ క్లీనర్‌తో తుడిస్తే పోద్ది. ప్యాడ్ పీల్చుకుందంటే మాత్రం వదలదు. అందుకే ఇవాళ నీకు కొత్త ప్యాడ్లు వేస్తున్నాను. పాలిష్‌ని గుడ్డ మీద పోసుకుని టైరుకి రాయాలి. స్ప్రే జోలికే పోవద్దు.

నేను: సరే, తుడవడం ఎలాగో చెప్పండి. అలాయ్‌ల మీద నల్లటి పొడి ఎంత కడిగినా పోవట్లేదు.

బాబాయ్: అది వట్టి దుమ్మనుకుంటారు. డిస్కు నుంచి అరిగిన ఇనుప రజను అందులో కలిసుంటాది. వేడిగా వచ్చి అంటుకుంటాది, తడి తగిలితే తుప్పు పట్టి పాతుకుపోద్ది. వారానికోసారి మామూలు కార్ షాంపూ, మెత్తటి బ్రష్ చాలు. ఆ బ్రష్‌ని మాత్రం బాడీ మీద పెట్టకు, గీతలు పడతాయి. రెండు మూడు నెలలకోసారి ఆ ఇనుప రజనుని వదలగొట్టే ఐరన్ రిమూవర్ కొట్టు. ఇనుము తగలగానే వంగపండు రంగుకి తిరిగి కారుద్ది. డబ్బా మీద యాసిడ్ లేదని ఉందో లేదో చూసుకో. యాసిడ్ అయితే కేలిపర్ అల్యూమినియాన్ని, డిస్కు నడిమి భాగానికున్న జింకు పూతనీ తినేస్తాది.

నేను: దాన్ని ఎండలో కొట్టొచ్చా?

బాబాయ్: వద్దు. నీడలో, చక్రం పూర్తిగా చల్లారాక కొట్టి, ఆరకముందే కడిగెయ్యాలి. ఇంకో మాట. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగి, ఎస్.కోట రాగానే బురద కడిగిద్దామని వాటర్ సర్వీసింగ్‌కి పెడతారు చూడు, అది తప్పు. పొగలు కక్కే డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర పోవచ్చు. బెజ్జాలున్న డిస్కయితే బెజ్జం దగ్గరే చీలిక మొదలవుద్ది.

నేను: మా ఇల్లు బీచ్ రోడ్డుకి దగ్గర. వాన పడ్డ మర్నాడు డిస్కు నారింజ రంగులో ఉంటుంది. మొదటిసారి చూసి ఏడుపొచ్చింది.

బాబాయ్: ఏటమ్మా దానికి ఏడుపు! పైపైన తుప్పది. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోద్ది. కడిగాక కూడా బండిని ఒక వీధి తిప్పి, మెల్లగా బ్రేకులు వేసి ఆరబెట్టి అప్పుడు పార్క్ చెయ్యి. వారం పది రోజులు కదపకపోతే, చదును చోటైతే గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టు. హ్యాండ్ బ్రేకు వేసి వదిలేస్తే ఉప్పుగాలికి ప్యాడ్ డిస్కుకి అతుక్కుపోద్ది. అసలు చూసుకోవాల్సింది కేలిపర్ మీద పెయింటు పెచ్చు లేచిన చోటు. అందులోంచి ఉప్పు దూరితే తెల్లటి బూడిదలా పొంగుద్ది. చిన్నగా ఉన్నప్పుడే టచప్ చెయ్యాలి.

నేను: పెయింటు అంటే గుర్తొచ్చింది. పోర్షే కార్లలో పసుపు కేలిపర్ కనిపిస్తే సాధారణంగా లోపల సిరామిక్ డిస్కు ఉందని అర్థం. 2001లో 911 జీటీ2 అనే మోడల్‌తో పోర్షేలో ఆ సిరామిక్ బ్రేకులు మొదలయ్యాయి. అంటే రంగుకి ఒక అర్థం ఉందన్నమాట.

బాబాయ్: మన దగ్గర మామూలు కేలిపర్ మీద తొడిగే ఎర్ర ప్లాస్టిక్ కవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పైన పెద్ద కంపెనీ పేరు. వేడి బయటికి పోనివ్వవు, వదులైతే అలాయ్‌కి రాసుకుంటాయి. నా షెడ్డుకొస్తే మాట్లాడకుండా పీకేస్తాను. పెయింటైతే నాకిష్టమే. ఎందుకో తెలుసా? లేత రంగు శుభ్రంగా ఉంటే బ్రేక్ ఆయిల్ లీకు వెంటనే కనపడుద్ది. ఎర్ర పెయింటు గోధుమ రంగుకి తిరిగిందంటే ఆ చక్రం మాడిందని తెలుస్తాది.

నేను: ఇంట్లో వేసుకోవచ్చా?

బాబాయ్: వేడికి ఆగే కేలిపర్ పెయింటైతే వేసుకో. పిస్టన్ రబ్బరుకి, ప్యాడ్లు జారే చోటుకి, డిస్కు కూర్చునే హబ్ మొహానికి మాత్రం చుక్క తగలకూడదు. ప్యాడ్ ఇరుక్కుంటే వదలదు, ఒక పక్కే అరుగుద్ది. హబ్ మీద పెయింటో తుప్పో ఉంటే డిస్కు సమంగా కూర్చోదు, స్టీరింగ్ వణుకుద్ది. ఇంకోటి, రేసింగ్ కోసం చేసిన కొన్ని కేలిపర్లకి పిస్టన్ మీద దుమ్ము ఆపే రబ్బరు తొడుగు, డస్ట్ బూటే ఉండదు. మన రోడ్ల ఇసకకి, ఈ సముద్రపు గాలికీ అవి పనికిరావు. నీవాటికి ఉన్నాయి, బతికిపోయావ్.

నేను: ఘాట్ దిగేటప్పుడు ఒకసారి పెడల్ మెత్తగా లోపలికి వెళ్లింది. ఇంత పెద్ద డిస్కులు పెట్టుకుని ఇదేంటి అనుకున్నా.

బాబాయ్: బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావ్?

నేను: ... మార్చలేదు.

బాబాయ్: అదీ సంగతి. నీ కాలి బలాన్ని ప్యాడ్ దాకా మోసేది బ్రేక్ ఆయిలే, అది గాల్లో తేమని లాక్కుంటాది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, రూలు అది. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోద్ది. మరిగితే ఆవిరి. ఆవిరి నొక్కుడుపడిపోద్ది, ప్యాడ్ దాకా నీ కాలి బలం వెళ్లదు. పెద్ద డిస్కు వేడిని మోస్తాది గానీ పాత ఆయిల్‌ని కొత్తది చెయ్యదు కదా. రెండేళ్లకోసారి మార్చాలి. నీలా నెలనెలా అరకు వెళ్తే ఏడాదికే. పోసేటప్పుడు కేలిపర్ మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడిగెయ్, నీ ముద్దుల పెయింటు ఊడొచ్చేస్తాది. దిగేటప్పుడు రెండో గేరులో దిగు. బ్రేకు మీద కాలు ఆనించుకుని కూర్చోకు.

నేను: కొత్త ప్యాడ్లు బిగించేశారు. ఇక దూసుకుపోవచ్చా?

బాబాయ్: ఆగు. రేపు తెల్లారుజామున, వెనక బండి లేని రోడ్డు చూసుకో. 60లో వెళ్తూ 10కి వచ్చేదాకా ఒత్తి తొక్కు. ఆపెయ్యకు, మళ్లీ 60కి వెళ్లు. ఇలా ఎనిమిది, పదిసార్లు. తర్వాత కాసేపు బ్రేకు ముట్టకుండా తిప్పి చల్లార్చు. ప్యాడ్ మెటీరియల్ పల్చగా, సమంగా డిస్కు మీద పరుచుకోవాలి, పట్టంతా దాన్లోనే ఉంది. వేడి మీద సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకున్నావో, ప్యాడ్ అచ్చు ఒకచోటే పడుద్ది. తర్వాత వణుకొస్తే ‘డిస్కు బెండయింది’ అని నా దగ్గరికి వస్తారు. చాలాసార్లు అది బెండు కాదు, మచ్చ.

నేను: సరే బాబాయ్. తాళం ఇవ్వండి, వెళ్తా.

బాబాయ్: ముందు స్టార్ట్ చేసి, ఉన్నచోటే పెడల్ గట్టిపడేదాకా తొక్కు. ప్యాడ్లు వేయడానికి పిస్టన్లు వెనక్కి నెట్టాను. మొదటి తొక్కుడికి ఏమీ ఉండదు.

నేను: అంటే ఇలాగే ఇంటికెళ్లి ర్యాంపు దిగితే...

బాబాయ్: మళ్లీ వాచ్‌మనే.

(పెడల్ తొక్కుతున్న చప్పుడు. రికార్డింగ్ ఇక్కడ ఆపేశాం.)