మెడలో బిళ్లలు తీసేశాక ఇమ్యూనోథెరపీ పనిచేస్తుందా?

(దృశ్యం: శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్, తెల్లవారుజాము. బెంచీ మీద ఒక పెద్దావిడ, ఒళ్లో బట్టల షాపు సంచి.)

విశాఖ బస్సు కోసం కూర్చున్నప్పుడు మా పెద్దమ్మ అడిగింది: "బిళ్లలన్నీ తీసేసినారు కదా బావూ, ఇంక ఈ మందు ఏటి పని చేస్తాది?"

పెద్దమ్మది అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం గురించి మన జిల్లా వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. క్యాన్సర్ పుండు పడిందీ అక్కడే. ఆపరేషన్‌లో ఒక పక్క మెడబిళ్లలు, అంటే లింఫ్ నోడ్స్, తీశారు, రేడియేషన్ ఇచ్చారు. ఏడాది తిరక్కుండా జబ్బు మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఇమ్యూనోథెరపీ అంటున్నారు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే వైద్యం.

(దృశ్యం: మైదానంలో పరుగు తీస్తున్న కుర్రాళ్లు.)

ఆర్మీ సెలక్షన్ల కోసం పొద్దున్నే పరిగెత్తే ఈ కుర్రాళ్లని మన ఊళ్లలో రోజూ చూస్తాం. ఒంట్లో జబ్బులతో పోరాడే టీ-కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) అలాంటివే అనుకోండి. వాటికి శిక్షణ ఎక్కడ? చిక్కుడు గింజంత ఉండే ఈ బిళ్లల్లో. డెండ్రిటిక్ కణాలనే కాపలా కణాలు క్యాన్సర్ గడ్డ నుంచి ముక్కలు మోసుకొచ్చి దగ్గర్లోని బిళ్లలో చూపిస్తాయి. ఆ ముక్కని గుర్తుపట్టిన టీ-కణం వేలల్లో పెరిగి గడ్డ మీదికి వెళ్తుంది. క్యాన్సర్ ఆ కణాలకి పీడీ-1 అనే బ్రేకు వేయిస్తుంది. పెంబ్రోలిజుమాబ్ లాంటి మందు ఆ బ్రేకు తీస్తుంది, అంతే. క్యాన్సర్‌ని అది స్వయంగా చంపదు. ఈ బ్రేకుల సంగతి కనిపెట్టినందుకే ఆలిసన్, హోంజో అనే శాస్త్రవేత్తలకి 2018లో నోబెల్ వచ్చింది.

మరి సైన్యం తయారయ్యే చోటునే తీసేస్తే? ఎలుకల్లో గడ్డ దగ్గరి బిళ్లల్ని ముందే తీసేసినా, రేడియేషన్ పెట్టినా మందు పట్టు తగ్గింది. మనుషుల్లో, తల-మెడ క్యాన్సర్ రోగుల బిళ్లలు పరీక్షిస్తే, క్యాన్సర్ చేరని బిళ్లల్లో టీ-కణాలు మందుకి బాగా కదిలాయి. క్యాన్సర్ చేరిన బిళ్లల్లో ఆ కదలిక తక్కువ.

నన్ను బాగా ఆలోచింపజేసింది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద 2023లో వచ్చిన ఎస్1801 అనే పరిశోధన ఫలితం. 313 మంది. అందరికీ పెంబ్రోలిజుమాబే, అనుకున్న డోసులూ అవే 18. తేడా ఒక్కటే: ఒక గుంపుకి అందులో 3 డోసులు ఆపరేషన్‌కి ముందే ఇచ్చారు. రెండేళ్లకి జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ముందిచ్చిన గుంపులో 100కి 72 మంది, రెండో గుంపులో 49. గడ్డా దాని బిళ్లలూ ఒంట్లో ఉండగానే బ్రేకు తీయడం కలిసొచ్చిందన్నది డాక్టర్ల వివరణ. నోటి క్యాన్సర్ లాంటివాటిలోనూ ఆపరేషన్‌కి ముందు రెండు డోసులివ్వడానికి 2025లో అమెరికా అనుమతిచ్చింది.

అలాగని "నా బిళ్లలు తీయకండి" అని మొండికేయకండి. క్యాన్సర్ పాకిన బిళ్లని ఉంచుకుంటే ప్రాణానికే ముప్పు. రేడియేషన్ కూడా ప్రతిచోటా శత్రువు కాదు. మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కీమో, రేడియేషన్ అయ్యాక ఇచ్చిన దుర్వాలుమాబ్ అనే ఇలాంటి మందే ఎందరికో ఆయుష్షు పెంచింది. అదే తల-మెడ క్యాన్సర్‌లో, మెడబిళ్లలకి రేడియేషన్ ఇస్తూ ఇదే తరహా అవెలుమాబ్ కలిపి ఇస్తే ఫలితం రాలేదు.

ఇంకో సంగతి, స్టెరాయిడ్లు. మందు మొదలుపెట్టేనాటికి రోజుకి 10 మిల్లీగ్రాములో అంతకు మించో ప్రెడ్నిసొలోన్ వాడుతున్నవాళ్లలో ఫలితం తక్కువగా కనిపించింది. ఎక్కువ జబ్బుగా ఉన్నవాళ్లే అవి వాడతారన్నదీ ఒక కారణం. మీ అంతట మీరు ఆపకండి, కానీ దాచకండి. ముందు నెలలో వాడిన యాంటీబయాటిక్స్ కూడా చెప్పాలి. నీరసమంటే సూది, దగ్గంటే మాత్రల పొట్లం వేయించుకునే ఊళ్లు కదా మనవి.

(దృశ్యం: సంచిలోంచి కాగితాలు ఒక్కొక్కటీ బెంచీ మీదకి.)

పెద్దమ్మకి నేను చెప్పింది ఇదీ: "నీ మెడలో బిళ్లలు వందల్లో ఉంటాయి. తీసింది ఒక పక్క కొన్నే. మిగిలినవి ఉన్నాయి. మందు పట్టొచ్చు, పట్టకపోవచ్చు." తర్వాత కాగితాలు తేదీల వరసలో పెట్టాను. ఆపరేషన్ రిపోర్టులో ఎన్ని బిళ్లలు తీశారో, ఎన్నింట్లో క్యాన్సర్ ఉందో రాసి ఉంది. రేడియేషన్ ఏ మేర పెట్టారో వేరే కాగితంలో. ఊళ్లో మాత్రల చీటీ ఒకటి నలిగిపోయి దొరికింది, అందులో స్టెరాయిడ్.

సంచి అడుగున ఇంకో పొట్లం తగిలింది. విప్పకముందే వాసనకి తెలిసిపోయింది, చుట్ట.

"అది కాగితం కాదులే," అంది పెద్దమ్మ, బస్సు వైపు చూస్తూ.